గ్రించ్ పోయాడు సరే, యూఎస్‌సీ డిఫెన్స్ బాగుపడుతుందా?

విటెర్బీ_బెజవాడ (ప్రశ్న)

2023 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ సంగతి ఇది. నవంబర్ 4, శనివారం సొంత మైదానం కొలీజియంలో మన యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాషింగ్టన్ చేతిలో 52-42తో ఓడింది. ఆదివారం డిఫెన్స్ నడిపే కోచ్, అంటే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అలెక్స్ గ్రించ్‌ని పంపేశారు. మిగతా సీజన్ అసిస్టెంట్ కోచ్‌లు షాన్ నువా, బ్రయన్ ఓడమ్ కలిసి లాక్కొస్తారట. మనవాళ్ల గ్రూపులన్నీ పండగ చేసుకుంటున్నాయి. ఆ పండగ ఎందుకో నాకైతే అర్థం కావట్లేదు.

లెక్క చూడండి. 10 ఆటల్లో 345 పాయింట్లు ఇచ్చాం, అంటే ఆటకి 34.5. కొలరాడో ఆట నుంచి వరుసగా 41, 41, 48, 34, 49, 52. ఇంకోపక్క మన ఆఫెన్స్ ఆటకి 45.5 కొడుతోంది. హైస్‌మన్ (దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి) గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌ని (పాస్‌లు వేస్తూ ఆఫెన్స్ నడిపేవాడు) పెట్టుకుని 7 గెలుపులు, 3 ఓటములు ఏంటండీ? ఆట అయ్యాక ఆ క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ స్టాండ్స్‌లో వాళ్లమ్మని పట్టుకుని ఏడుస్తుంటే అతన్నే తప్పుపట్టినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకో దండం.

నేను అడిగేది ఇది. రన్ (బంతి పట్టుకుని పరిగెత్తే ప్లే) వచ్చిన ప్రతిసారీ మధ్యలో అంత పెద్ద చిల్లు ఎలా పడుతోంది? తప్పు స్కీమ్‌దా, ఆటగాళ్లదా, ట్యాకిలింగ్‌దా (పట్టి పడగొట్టడం)? "ఆఫెన్స్ రెండు నిమిషాల్లో టచ్‌డౌన్ కొట్టేస్తోంది కాబట్టి డిఫెన్స్ అలిసిపోతోంది" అంటున్నారు, అందులో నిజమెంత? శనివారం యూజీన్‌లో ఓరెగాన్‌తో ఆట, ఈలోపు మార్చగలిగింది ఏమైనా ఉందా? "గ్రించ్ చెత్త" అని ఒక్క ముక్కలో తేల్చే జవాబులు మాత్రం వద్దు. అవి వాట్సాప్‌లో కావలసినన్ని ఉన్నాయి.

---

ఏ_గ్యాప్_అప్పారావు

ముందు చిల్లు సంగతి చూద్దాం.

ఆఫెన్సివ్ లైన్‌లో ఐదుగురు నిలబడితే వాళ్ల మధ్యనా పక్కనా కలిపి ఆరు గ్యాప్‌లు. సెంటర్‌కి అటూ ఇటూ ఏ గ్యాప్‌లు, గార్డ్‌కీ ట్యాకిల్‌కీ మధ్య బీ, ట్యాకిల్ బయట సీ. టైట్ ఎండ్ వచ్చి చేరితే ఏడు. ఒక్కో గ్యాప్‌కి ఒక్కో మనిషి కావాలి. లేదా లైన్‌లో ఒకడైనా రెండు గ్యాప్‌లు ఒక్కడే మోసేవాడు ఉండాలి. వాషింగ్టన్‌కి రోమ్ ఒడున్‌జే, జలిన్ పోక్ అనే రిసీవర్లు ఉన్నారు. లోతుగా బంతి వేస్తారన్న భయంతో ఇద్దరు సేఫ్టీలనీ (అందరికంటే వెనక కాసేవాళ్లు) వెనక్కి పెడితే బాక్స్‌లో (లైన్‌కి దగ్గరున్న మధ్య భాగం) మిగిలేది ఆరుగురు. ఏడు గ్యాప్‌లకి ఆరుగురు. స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) పడకముందే ఒకడు తక్కువ.

ఈ ఇబ్బంది ఒక్క యూఎస్‌సీది కాదు, దేశంలో అందరిదీ. ఎవరు ఎలా పూడ్చుకుంటారన్నదే తేడా. 2021లో జార్జియా 340 పౌండ్ల జోర్డన్ డేవిస్‌ని మధ్యలో నిలబెట్టి పూడ్చింది. గ్రించ్ కదలికతో పూడుస్తాడు. స్నాప్ పడగానే లైన్ మొత్తం ఒక గ్యాప్ పక్కకి దూకుతుంది, స్లాంట్ అంటే అదే. కలిసొస్తే రన్నింగ్ బ్యాక్ చేతికి బంతి అందేలోపే మనవాడు వెనకాల ఉంటాడు, మూడు గజాల నష్టం, స్టేడియం అంతా ఈలలు. కలిసిరానప్పటి కథ వేరు.

నోస్ ట్యాకిల్ (సెంటర్‌కి ఎదురుగా నిలబడే మన మనిషి) ఎడమ ఏ గ్యాప్‌లోంచి కుడి ఏ గ్యాప్‌లోకి దూకాడు అనుకోండి. వాడు వదిలేసిన ఎడమ ఏ గ్యాప్ ఇప్పుడు మైక్ లైన్‌బ్యాకర్ (లైన్ వెనక మధ్యలో ఉండేవాడు) పూచీ. అదే సమయానికి ఆఫెన్స్ ఒక రిసీవర్‌ని జెట్ మోషన్‌లో అడ్డంగా పరిగెత్తించింది. మైక్ కళ్లు అటు పోయాయి, కాలు కూడా ఒక్క అడుగు అటు పడింది. ఆ ఒక్క అడుగు చాలు. అప్పటికే పక్కకి దూకుతున్న నోస్‌ని సెంటర్ అదే దిక్కుకి ఇంకాస్త తోస్తాడు, ఆపనక్కర్లేదు కూడా. ఖాళీగా దొరికిన గార్డ్ నేరుగా పైకెక్కి మైక్‌ని పట్టేస్తాడు. ఇక బ్యాక్ ముందు మిగిలింది పన్నెండు గజాల దూరంలో ఉన్న సేఫ్టీ ఒక్కడే, అదీ బ్యాక్ పూర్తి వేగం అందుకున్నాక. వాషింగ్టన్ బ్యాక్ డిలన్ జాన్సన్ 26 క్యారీల్లో (బంతితో పరిగెత్తిన ప్లేలు) 256 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు కొట్టాడంటే ఒకరిద్దరు తడబడితే అయ్యే పని కాదు. వాషింగ్టన్ మొత్తం రన్ 316 గజాలు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పెనిక్స్ పాస్‌లన్నీ కలిపితే 256. దేశంలో మేటి పాసింగ్ టీమ్‌ల్లో ఒకటి మన మీద పాస్ కంటే రన్నే ఎక్కువ చేసింది! అవతలి కోచ్‌లు ఎక్కడ చూసి కొట్టారో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

హైలైట్స్ మళ్లీ చూస్తే బంతిని వదిలేయండి. స్నాప్‌కి ముందు ఆపి బాక్స్‌లో ఎంతమందో లెక్కపెట్టండి. తర్వాత సగం వేగంలో పెట్టి ఇద్దరు లైన్‌బ్యాకర్ల మొదటి రెండు అడుగులు చూడండి. ఇద్దరూ ఒకే గ్యాప్‌లోకి పోతే తప్పు ఫిట్‌ది (ఏ గ్యాప్ ఎవరిదన్న పంపకం). ఇద్దరూ సరైన చోటికే వెళ్లి, అయినా గార్డ్‌లు వాళ్లని నెట్టుకుపోతుంటే తప్పు ముందున్న లైన్‌ది, వాళ్లు గార్డ్‌లని ఎంగేజ్ చేసి ఉంచలేదని. ఈ సీజన్‌లో రెండూ కనబడతాయి, కొలరాడో తర్వాత మొదటిది ఎక్కువ.

---

నార్మన్_టు_ఎల్ఏ

అప్పారావు గారు చెప్పింది సరిగ్గా ఉంది. అయితే ఈ సినిమా మేం ఓక్లహోమాలో ముందే చూసేశాం, దాంట్లో గ్రించ్ రెండో హీరో.

మన యూఎస్‌సీ హెడ్ కోచ్ లింకన్ రైలీ అప్పుడు అక్కడ హెడ్ కోచ్. 2018 అక్టోబర్‌లో టెక్సస్ చేతిలో 48-45 ఓడగానే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మైక్ స్టూప్స్‌ని తీసేశారు. 2019లో గ్రించ్ వచ్చాడు. ఆ ఏడాది చివర పీచ్ బౌల్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) చేతిలో 63-28 ఓటమి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, ఏడూ మొదటి సగంలోనే. ఇప్పుడు 2023 నవంబర్‌లో మళ్లీ కోఆర్డినేటర్ బలి. మధ్యలో మారనివాడు ఎవరో మీరే చెప్పండి.

గ్రించ్‌కి దక్కాల్సిన మాట కూడా ఒకటుంది. 2020లో ఓక్లహోమా డిఫెన్స్ బాగానే ఆడింది. కారణం స్కీమ్ మారడం కాదు, ముందు వరుసలో రానీ పెర్కిన్స్, నిక్ బొనిట్టో లాంటివాళ్లు ఉండటం. కదిలే లైన్ పద్ధతికి మొదటి అడుగులోనే ఎదుటివాణ్ని దాటేసే మనుషులు కావాలి. వాళ్లుంటే అదే స్లాంట్ అద్భుతంగా కనిపిస్తుంది.

పోయిన ఏడాది యూఎస్‌సీకి అలాంటివాడు ఒకడున్నాడు, టూలీ టుయిపులోటు. 13.5 శాక్‌లతో (బంతి వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) దేశంలోనే మొదటివాడు. ఇప్పుడు ప్రొఫెషనల్ జట్టు చార్జర్స్‌లో ఆడుతున్నాడు. దానికి తోడు 2022లో 28 టర్నోవర్లు (ఎదుటి జట్టు నుంచి బంతి లాక్కోవడం) దొరికాయి. గ్రించ్ సిద్ధాంతమంతా టర్నోవర్ల మీదే, వాషింగ్టన్ స్టేట్‌లో ఉన్నప్పటి నుంచీ సీజన్‌కి 24 అని లక్ష్యం పెట్టుకుని నేర్పించేవాడు. కానీ కింద పడ్డ బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది సగానికి సగం అదృష్టం. ఒక ఏడు వచ్చినన్ని మరుసటి ఏడు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ 28 వచ్చిన ఏడాది కూడా యూటా రెండుసార్లు కొట్టింది (43-42, 47-24), కాటన్ బౌల్‌లో నాలుగున్నర నిమిషాలుండగా 45-30తో ముందుండి టులేన్‌కి 46-45 అప్పజెప్పాం. వాళ్ల బ్యాక్ టైజే స్పియర్స్ 17 క్యారీల్లో 205 గజాలు. జబ్బు అప్పుడే ఉంది, 11 గెలుపుల కింద కనపడలేదంతే.

ఇక ఈ ఏడాది మనుషుల సంగతి. బేర్ అలెగ్జాండర్ జార్జియా నుంచి, మేసన్ కాబ్ ఓక్లహోమా స్టేట్ నుంచి, ఆంథనీ లూకస్ టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి, కియాన్ బార్స్ అరిజోనా నుంచి, జాక్ సలివన్ పర్డ్యూ నుంచి, జమిల్ మొహమ్మద్ జార్జియా స్టేట్ నుంచి వచ్చారు. ఒక్కొక్కణ్ని విడిగా చూస్తే మంచి ఆటగాళ్లే. కానీ పక్కవాడు ఎటు దూకితే నేను ఎటు పూడ్చాలి అన్నది కలిసి వందలసార్లు చేస్తేనే ఒంటబట్టే విషయం. సగం బాక్స్ ఒకరికొకరు కొత్త, వాళ్ల చేత ఆడించేదేమో దేశంలో అన్నిటికంటే ఎక్కువ పరస్పర నమ్మకం కావాల్సిన పద్ధతి. ఆ జట్టుని కూర్చినవాడు హెడ్ కోచ్.

---

ఓరుగల్లు_ఓలైన్

అందరు గ్యాప్‌ల ముచ్చటే చెప్తున్నరు. గ్యాప్ సక్కగ పూడ్చినంక కూడా పట్టుకోకుంటే ఏం ఫాయిద? ట్యాకిలింగ్ గురించి జర చెప్త.

కబడ్డీ తెల్సినోళ్లకు ఇది జల్ది సమజైతది. రైడర్ లోపలికొచ్చినంక ఒక్కడే ఆగమాగం ఉరికి మీదవడితే వాడు తప్పించుకొని లైన్ ముట్టి పోతడు. కార్నర్‌ల ఉన్నోడు కాలు పట్టేదాక కవర్‌ల ఉన్నోడు దారి మూసి నిలబడాలె. ఈడ గూడ గంతే. సేఫ్టీ ఉరికొచ్చేటప్పుడు బ్యాక్ నడుముకు లోపలి పక్క, ఒక్క అడుగు ఎనక ఉండాలె. సక్కగ ఎదురుంగ పోతే బ్యాక్‌కు రెండు దిక్కులు దొరుకుతయి. లోపలి పక్క నుంచి పోతే వానికి మిగిలేది ఒక్కటే దిక్కు, సైడ్‌లైన్. ఆడ మనకు ఇంకో మనిషి ఉన్నట్టే.

పట్టుడు ఎట్లంటే, ఏ భుజంతోని కొడ్తవో అదే దిక్కు కాలు వానికి దగ్గర పడాలె. కండ్లు తొడ మీద, తల వాని ఎనక దిక్కు, చేతులు రెండు మోకాళ్ల మీది నుంచి చుట్టి గట్టిగ బిగబట్టి దొర్లాలె. యూఎస్‌సీ పోరగాళ్లు ఏం చేస్తున్నరు? కాళ్లు ఆపి, నడుం వంచి, చేతులు మాత్రమే చాపుతున్నరు. కాళ్లు ఆగినయంటే ట్యాకిల్ పోయినట్టే. ఇంకోటి, టర్నోవర్ల పిచ్చి. మొదటోడే బంతి మీద గుద్దుడు పెడ్తున్నడు, బ్యాక్ ఏమో ఇంకో ఏడెనిమిది గజాలు గుంజుకపోతున్నడు. మొదటోడు పట్టాలె, రెండోడు గుద్దాలె. గీ వరుస తప్పద్దు.

నవ్వొచ్చే సంగతేందంటే, ఈ భుజంతోని, తల ఎనక పెట్టి రగ్బీ లెక్క పట్టే పద్ధతి మీద 2014ల సియాటిల్ సీహాక్స్ నుంచి వీడియో తీసి అందరికి ఇచ్చింది పీట్ క్యారల్. ఆయననే 2001 నుంచి 2009 దాక యూఎస్‌సీ కోచ్.

ఇప్పుడు నవంబర్‌ల ఇది మారుతదా అంటే మారది. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ రూల్ వారానికి 20 గంటలు, అండ్ల వీడియో, వెయిట్ రూమ్, మీటింగ్‌లు అన్ని కలిసే. సీజన్ నడుమ పోరగాళ్లకు దెబ్బలు తగుల్తయని నిజంగ పడగొట్టే ప్రాక్టీస్ ఎవ్వరు ఎక్కువ పెట్టరు. గిది వసంతంల, ఆగస్టుల నేర్సుకునే పని.

---

డ్రైవ్_లెక్కలు

"ఆఫెన్స్ వేగం వల్ల డిఫెన్స్ అలిసిపోతోంది" అన్నదానికి జవాబు.

సగం నిజం, అది కూడా చిన్న సగం. ఆఫెన్స్ త్వరగా కొట్టేస్తే రెండు జట్లకీ డ్రైవ్‌లు (బంతి చేతికొచ్చిన ఒక్కో దఫా) పెరుగుతాయి, కాబట్టి ఆటకి ఇచ్చే పాయింట్లు కాస్త ఉబ్బుతాయి. అందుకే ఆటకి ఎంత అని కాకుండా డ్రైవ్‌కి ఎంత అని చూడాలి. కానీ అలసటే కారణమైతే మొదటి క్వార్టర్‌లో బాగుండి నాలుగో క్వార్టర్‌లో కూలాలి. మనవాళ్లు మొదటి డ్రైవ్ నుంచే తేలిగ్గా దొరుకుతున్నారు. పైగా ఈ ఏడాది నుంచి ఫస్ట్ డౌన్ (పది గజాలు సాధించడం) రాగానే గడియారం ఆపడం లేదు, ఒక్కో సగంలో చివరి రెండు నిమిషాలు తప్ప. దాంతో దేశమంతా ఆటకి ప్లేలు తగ్గాయి. ప్లేలు తగ్గినా మన మీద పాయింట్లు పెరిగాయి.

స్కోరు మొత్తం డిఫెన్స్ నెత్తిన రుద్దడమూ న్యాయం కాదు. నోటర్ డామ్ 48-20 చూడండి. ఆ రోజు వాళ్ల ఆఫెన్స్ చేసింది సుమారు 250 గజాలే. కేలెబ్ మూడు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లకి చిక్కిన పాస్‌లు), ఒక కిక్‌ఆఫ్ 99 గజాలు వెనక్కొచ్చి టచ్‌డౌన్, ఒక ఫంబుల్ (చేజారిన బంతి) టచ్‌డౌన్. ఈ చివరి రెండింట్లో డిఫెన్స్ మైదానంలోనే లేదు. ఆరు ఆటల పట్టికలో ఆ 48ని అవతల పెట్టి చూడాలి.

యూటా ఆట దీనికి పూర్తిగా ఎదురు. షియోనే వాకి అసలు సేఫ్టీ. మనుషులు తక్కువై అతన్ని రన్నింగ్ బ్యాక్‌గా కూడా దింపితే ఐదు క్యాచ్‌ల్లో 149 గజాలు, రెండు టచ్‌డౌన్లు. బ్యాక్‌ఫీల్డ్ నుంచి బయటికొచ్చే మనిషి ఎవరి పూచీ అన్నది తేల్చుకోకపోతే ఇలాగే అవుతుంది. ఆఖరి డ్రైవ్‌లో క్వార్టర్‌బ్యాక్ బార్న్స్ కాలితో 26 గజాలు లాగాడు, 38 గజాల ఫీల్డ్ గోల్, 34-32. వాషింగ్టన్‌తో జరిగిందాని కంటే నాకు ఇదే ఎక్కువ మండుతుంది.

ఇంకో వాదన కూడా తిరుగుతోంది, రైలీ పాసింగ్ ఆఫెన్స్‌తో ప్రాక్టీస్ చేస్తారు కాబట్టి డిఫెన్స్‌కి రన్ ఆపడం అలవాటు కాదని. రైలీ బండి నడిచేదే జీటీ కౌంటర్ మీద. గార్డ్, ట్యాకిల్ ఇద్దరూ పుల్ అయి అటు పక్కకి వచ్చే ప్లే అది. మన డిఫెన్స్ ప్రాక్టీస్‌లో చూసేది దాన్నే. చూడలేదనడం కుదరదు.

---

విటెర్బీ_బెజవాడ

అందరికీ థాంక్స్. అప్పారావు గారూ, ఇంతకీ శనివారం సంగతి? ఓరెగాన్‌కి క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్, రిసీవర్ ట్రాయ్ ఫ్రాంక్లిన్, రన్నింగ్ బ్యాక్ బకీ ఇర్వింగ్ ముగ్గురూ ఉన్నారు. ఐదు రోజుల్లో నువా, ఓడమ్ చేయగలిగింది ఏమైనా ఉందా, లేక దేవుడి మీద భారం వేసి టీవీ ముందు కూర్చోవడమేనా?

---

ఏ_గ్యాప్_అప్పారావు

కొత్తగా నేర్పడానికి టైం లేదు, తీసేయడానికి ఉంది.

సోమవారమే కాల్ షీట్ కోసి పారేయాలి. ఫస్ట్, సెకండ్ డౌన్లలో స్లాంట్ బంద్. నోస్, అతని పక్కనుండే లైన్‌మన్ (త్రీ టెక్నిక్) ఇద్దరూ వాళ్ల గ్యాప్‌లోనే నిలబడి గార్డ్‌లని చేతులతో పట్టి ఉంచితే చాలు. శాక్‌లు రావు, పర్లేదు, లైన్‌బ్యాకర్లు ఖాళీగా పరిగెత్తగలుగుతారు. స్లాంట్, బ్లిట్జ్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని పంపడం) రెండూ థర్డ్ డౌన్‌లో ఏడు గజాలు, ఆపైన ఉన్నప్పటికి దాచుకోవాలి.

రెండోది బాక్స్‌లో ఏడో మనిషి. స్నాప్‌కి ముందు ఇద్దరు సేఫ్టీలూ వెనకున్నట్టే కనిపించి, స్నాప్ పడ్డాక ఒకడు ఆరేడు గజాల దాకా దిగాలి. సేఫ్టీ కేలెన్ బులక్‌ని మాత్రం దింపొద్దు, వెనక వెడల్పంతా కాయగలిగేది అతనే. దీనికి మూల్యం ఉంది. ఒకే సేఫ్టీ వెనక మిగిలితే కార్నర్లు (అంచుల్లో రిసీవర్లని కాసేవాళ్లు) ఫ్రాంక్లిన్‌కి భయపడి ఏడెనిమిది గజాలు వదిలి నిలబడాలి. అప్పుడు నిక్స్ ఐదేసి గజాల పాస్‌లు తీరిగ్గా తీసుకుంటాడు. తీసుకోనివ్వండి. ఇర్వింగ్ మధ్యలోంచి నలభై గజాలు పోవడం కంటే అదే నయం, పన్నెండు ప్లేల డ్రైవ్‌లో ఎక్కడో ఒక హోల్డింగ్ పెనాల్టీయో, జారిన క్యాచో రాకపోదు. నిక్స్ లాంటి ఓపికున్న వాడితో అది పెద్ద ఆశే, కాదనను.

మూడోది స్క్రీన్‌లు (ముందు బ్లాకర్లని పెట్టి వేసే పొట్టి పాస్‌లు). ఓరెగాన్ వాటి మీదే సగం బతుకుతుంది. బయట ఉన్న కార్నర్ బ్లాకర్‌ని బయటి భుజంతో కాకుండా లోపలి భుజంతో కొట్టి బంతిని లోపలికి మళ్లించాలి, లోపల మనుషులున్నారు కాబట్టి. బయటికి వదిలితే సైడ్‌లైన్ వెంబడి ఎవరూ ఉండరు. ఓరుగల్లు అన్న చెప్పింది మధ్యలో పోయే రన్‌కి, ఇది అంచున ఉన్నవాడికి. రెండూ కలిపేసుకుని తికమక పడకండి.

ఇవన్నీ చేసినా గెలుస్తామని అనను. నిక్స్ 40 కొట్టకుండా ఉంటే కేలెబ్‌కి ఒక అవకాశం ఉంటుంది, అంతే.

---

ఓరుగల్లు_ఓలైన్

లోపలి భుజం సంగతి కరెక్టే అన్నా. గని మన కార్నర్లు గా బ్లాక్ తప్పిచ్చుకునేదాంక ఆగుతరా అనేదే నా డౌట్.

---

నార్మన్_టు_ఎల్ఏ

వచ్చే కోఆర్డినేటర్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఊరవతలకి పోనక్కర్లేదు. యూసీఎల్ఏలో డాంటన్ లిన్ రావెన్స్ నుంచి ఈ ఏడాదే వచ్చి, పోయిన ఏడాది చిల్లులు పడ్డ డిఫెన్స్‌ని దేశంలో మేటి రన్ డిఫెన్స్‌ల్లో ఒకటిగా నిలబెట్టాడు. లైయాటు లాటు లాంటి ఎడ్జ్ రషర్ చేతిలో ఉన్నాడనుకోండి, అది వేరే సంగతి. 18న కొలీజియంకే వస్తున్నారు, దగ్గర్నుంచి చూడొచ్చు.

---

డ్రైవ్_లెక్కలు

కోఆర్డినేటర్ కంటే ముందు తేదీ గుర్తుపెట్టుకోండి, డిసెంబర్ 4. ఆ రోజు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) తెరుస్తారు. వచ్చే ఏడాది (2024) నుంచి బిగ్ టెన్ అనే లీగ్‌లో ఆడాలి, మిషిగన్ వాళ్ల ఊళ్లో ఆట ఉంది. అక్కడ ఆరుగురు బాక్స్‌తో స్లాంట్ ఆడితే రెండో క్వార్టర్‌కే ఇంటికి పోవచ్చు. 310 పౌండ్లు దాటిన ఇంటీరియర్ లైన్‌మెన్ కనీసం ఇద్దరు కావాలి, ముగ్గురైతే ఇంకా మంచిది. అలాంటివాళ్లు పోర్టల్‌లో దొరికేది తక్కువ, దొరికినా వారం తిరక్కుండానే ఎవరో ఎగరేసుకుపోతారు. కొత్త కోఆర్డినేటర్ పేరు అంతకుముందే తేలకపోతే వాళ్లని రమ్మని పిలవడానికి చెప్పేది ఏముంటుంది?